బారువకి రావొద్దన్న కబురు

ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఓ పల్లె. పొద్దుటి పూట. కూర్మనాథం మేస్త్రీ ఇంటి వసారాలో అతని భార్య బొడ్డమ్మ ఉంది. ఢిల్లీరావు కోడలు హేమలత చంటిపిల్లని చంకనెత్తుకుని వచ్చింది. మేస్త్రీ, హేమలత భర్త శ్రీను కిందటేడు నేపాల్‌లో ఒకే రోజున పోయారు.

“కూకోమంటే కూకోవేటి తల్లీ. ఎండలో అలగ నిలబడిపోనావు. పిల్లకి మాడు కాలిపోద్ది, లోనికి రా.”

“పర్వాలేదత్తా. ఒక్క మాట చెప్పేసి వెళ్ళిపోతాను.”

“ఆ ఒక్క మాటా కూకుని సెప్పు. సాప ఏత్తానుండు. నా ఇంటి సాప మీద కూకున్నావంటే మీవోల్లు ఏటైనా అంటారంటే ఒద్దులే, ఆ గట్టు మీద కూకో.”

“అలగంటావేటత్తా.”

“ఉన్న మాటే కదమ్మా. మొన్న పనసకాయ పంపినాను మీ ఇంటికి. తొనలు బాగున్నాయా?”

“బాగున్నాయి.”

“తిన్నావా నువ్వు?”

“తిన్నానత్తా.”

“అబద్దమెందుకు తల్లీ. మీ అత్త దాన్ని ఆవులకి ఏసీసినాదంట. పాలోడు సెప్పినాడు. నాకు కోపం నేదులే. ఆవులైనా తిన్నాయి.”

“నేను వద్దన్నాను. మా అత్తగారు వినలేదు.”

“కొడుకు పోయిన మనిసి. నా సేతి కాయ నోట్లో ఎట్టుకోమంటే ఎలగెట్టుకుంటాది. నాను పంపడమే తప్పు. పిల్లకి ఏటి పేరెట్టినారు? బారసాలకి పిలవనేదు కదా, నాకు తెల్దు.”

“శ్రీనిత్య. ఆయన పేరు కలిసొస్తుందని.”

“బాగున్నాది. ముక్కు సూడు, అచ్చం శ్రీనుగాడిదే. ఒకపాలి ఇలగియ్యి… ఒద్దు ఒద్దు, ఉంచుకో. నా సేతులు సూడు ఎలగున్నాయో. జీడి పిక్కలు కొట్టి కొట్టి నల్లగైపోనాయి. ఎంత తోమినా పోదు. పిల్ల ఒల్లు పొక్కిపోద్ది.”

“రోజూ పలాస వెళ్తున్నావా పనికి?”

“ఊర్లో ఎవులు పిలుత్తారు నన్ను? నన్ను పిలిత్తే మిగతా ఆడోల్లు రామంటన్నారంట. పొద్దున్న బస్సుకి ఎలిపోతే అక్కడ ఎవులికీ తెల్దు నానెవులో. పక్కన కూకుంటారు, పప్పు పచ్చడి ఎడతారు. సాయంత్రం మల్లీ బస్సెక్కాలంటేనే కాల్లు రావు.”

“మరి ఈ రోజు వెళ్ళలేదేటి?”

“రేపు బారువ ఎల్లాల కదా. నువ్వులు కడిగి ఆరబోసినాను. మా అన్న కొడుకు ఇచ్ఛాపురం నుంచి వత్తాడు. నాకు కొడుకులు నేరు, ఆడే నీలొదలాల. ఆడికి కొత్త పంచి తెచ్చినాను. సూడు, అంచు బాగున్నాదా?”

“అత్తా…”

“పెద్దంచు దొరకనేదు. టెక్కలి ఎల్తే దొరుకుద్దన్నారు గానీ, మల్లీ ఒక పూట కూలి పోతాదని…”

“అత్తా, దాని గురించే వచ్చాను.”

“పంచి గురించా?”

“రేపటి గురించి. ఎలా చెప్పాలో తెలీడం లేదు నాకు.”

“ఆటోలో సోటు నేదంటారా? అయితేటి, నాను బస్సుకి వత్తాను.”

“చోటు గురించి కాదు. నిన్న మా మావగారూ, మిగతా ఇళ్ళవాళ్ళూ రామమందిరం దగ్గర కూర్చున్నారు. ఏడుగురు కుర్రాళ్ళ సంవత్సరీకం ఒక్క రోజే కదా. అందరం కలిసి బారువలో స్నానం చేసి నీళ్ళొదులుదాం అనుకున్నారు.”

“అది తెలుసు. ఆ కొండల నీలన్నీ గంగలో కలిసి సివరికి మన సముద్రంలోకే వత్తాయంట కదా. ఆల్లతో ఎల్లి బతికొచ్చిన యుగంధర్ సెప్పినాడంట. శవాలు దొరకనేదు, దర్భ బొమ్మల్ని కాల్సుకున్నాం. ఉంటే ఆ నీటిలోనే ఉండాల మనోల్లు. బారువే మంచిది.”

“అందరూ అంటే… మీరు తప్ప అత్తా. నువ్వూ మీ అన్న కొడుకూ ఎల్లుండి వెళ్తే బాగుంటుందని అనుకున్నారు.”

“ఎల్లుండా.”

“ఊఁ.”

“తిథి రేపు కదమ్మా.”

“తెలుసు.”

“తిథి దాటినాక ఒదిలితే అందుతాదేటి ఆయనకి?”

“పంతులుగారిని అడిగారట. దోషం లేదన్నారట.”

“ఆయన మాత్రం ఏటంటాడు. ఊరు ఏటంటే అదే అంటాడు. సరేలే. సరే. రానని సెప్పు మీ మావకి.”

“కోపం వచ్చిందా?”

“కోపం తెచ్చుకోడానికి మొకం ఉండాల కదా. ఆల్ల పిల్లల పేరు సెప్పి ఆల్లు నీలొదుల్తా ఉంటే ఎదురుగా నాను నిలబడితే బాగుంటాదేటి? సరిగ్గానే అనుకున్నారు. నాకే బుద్ది నేదు, పంచి కొనీసుకుని కూకున్నాను. … నిన్నెందుకు పంపినారు గానీ? పసిపిల్లతల్లివి. ఢిల్లీరావు బావే వచ్చి సెప్పొచ్చు కదా.”

“ఆడమనిషి చెప్తే నీకు కష్టంగా ఉండదన్నారు. … నేనే వెళ్తానన్నాను లే.”

“నువ్వే వత్తానన్నావా?”

“ఊఁ.”

“ఎందుకూ?”

“ఊరికే. నిన్ను చూసి చాలా రోజులైందని. ఉండత్తా, ఫోనొస్తోంది. … ఆ, మావయ్యా. ఆ, చెప్పాను. లేదు, ఏటీ అన్లేదు. సరేనంది. ఏడవలేదు. ఊఁ. లేదు లేదు, ఇంట్లోకి వెళ్ళలేదు, బయటే నిలబడ్డాను. వచ్చేస్తున్నాను.”

“బయటే ఉన్నానని సెప్పినావా. మంచిదే. బేగి ఎలిపో మరి, కనిపెట్టుకునుంటారు.”

“వెళ్తాను. అత్తా, ఒకటడగనా?”

“అడుగు.”

“ఆ రోజు మేస్త్రీ మావ నీకు ఫోన్ చేశాడా?”

“ఏ రోజు?”

“ఏ రోజేటత్తా. ఆ రోజే.”

“రోజూ సేసీవోడు కదా. బువ్వ తిన్నావా, ఆవుకి కుడితెట్టినావా, అదే గోల. పిల్లకి దాహమేత్తన్నాదేమో సూడు, నాలిక తిప్పుతన్నాది.”

“ఇప్పుడే పాలు తాగింది. ఆ రోజు సాయంత్రం చేశాడా అని అడుగుతున్నాను.”

“గురుతు నేదు. సేసే ఉంటాడు. నీకెందుకిప్పుడు?”

“ఊరికే.”

“అన్నీ ఊరికేనా నీకు? వచ్చిందీ ఊరికే, అడిగిందీ ఊరికే.”

“పోనీ, ఎప్పుడు చేసినా ఏం మాట్లాడేవాడు? అది చెప్పు. శ్రీను అయితే ఫోటోలే పంపేవాడు. మంచు కొండ ముందు నల్ల కళ్ళజోడు పెట్టుకుని నిలబడి. ఏటి అక్కడి సంగతులంటే, చలిగా ఉంది అని ఒక్క ముక్క.”

“ఆడు కుర్రోడు. ఈయనకి ఆ కొండలంటే బలే ఇది. మనకి కొండంటే మహేంద్రగిరే కదా, మబ్బు నేనప్పుడు కనిపిత్తాది, అంతే. అక్కడ తలెత్తి సూత్తే తలపాగా ఎనక్కి పడిపోతాదంట. కానీ మంచు కొండలని పేరే గానీ ఆ మంచు ఏటా పైపైకి ఎలిపోతన్నాదంట. ఆల్ల పని కాడ టీకొట్టు ముసిలామె ఒకతి ఉండీదిలే, ఆమె సెప్పీదంట. నాను కోడలొచ్చినప్పుడు అదిగో ఆ నల్ల రాయి దాకా మంచుండీది, ఇప్పుడు రాయే మిగిలింది బాబూ అని.”

“మావకి వాళ్ళ భాష వచ్చా?”

“ఏటో ఇందీ, సగం సైగలూ. టీ తాగడానికి ఏ బాసైతేటి. ఆల్లకి అక్కడ ఆపిలు తోటలంట. ఇప్పుడు సలి సాలక పూత రావట్నేదంట. పై ఊరోల్లకే కాత్తన్నాయంట, కిందోల్లు సెట్లు కొట్టీసుకుంటన్నారంట. ఊట గెడ్డలూ ఎండిపోనాయంట. ఈయన నవ్వీవోడు. మనకేమో జీడి పూత ఎండకి మాడిపోతాది, ఆల్లకేమో ఆపిలు పూత సలి నేక రాదు, ఎక్కడికెల్లినా మన బతుకింతే బొడ్డీ, అనీవోడు. … ఏడాదయింది ఈ ఊసులు నోట్లోంచి తీసి. ఇనీవోల్లు ఎవులున్నారు? ఆయన పేరెత్తితేనే మొకాలు తిప్పీసుకుంటారు.”

“చెప్పత్తా. నేను వింటాను.”

“ఏటి సెప్పను. తితిలీ తుఫాను రాకపోతే మనోల్లకి ఆ కొండలతో పనేటి? కొబ్బరి తోట, జీడి తోట ఒక్క పూటలో తొంగున్నాయి. కొత్త మొక్కేత్తే ఎప్పటికి కాయాల, ఈలోగా ఏటి తినాల? ఈయన పని ఎతుక్కుంటా ఎల్లినాడు. నీటి కరెంటు పనంట, కొండకి సొరంగం తవ్వడమంట. తరవాతేడు కుర్రోల్లని రమ్మన్నాడు. ఏ మాట సెప్పి రమ్మన్నాడో తెలుసా? అక్కడ సముద్రం నేదు, తుఫాను రాదు, బయం నేదు రండ్రా అన్నాడు. ఈ వసారాలోనే అన్నాడు. నాను పక్కనే కూకుని కొబ్బరి ఈనెలు తీత్తన్నాను, అవునవును అన్నాను. ఆ మాట తలుసుకుంటే నాకు ఒల్లు సచ్చిపోతాది సిగ్గుతో.”

“ఆయన అబద్ధం చెప్పలేదు కదా. తుఫాను రాలేదు. పైన మంచు కరిగి చెరువులా నిలిచిపోయింది, దాని గట్టు తెగింది. అది ఎవరికి తెలుసు?”

“మనకి తెల్దు. సముద్రం కాడ పుట్టినోల్లం. నీలంటే ఇటేపు నుంచే వత్తాయనుకుంటాం. మబ్బు నేకుండా, గాలి నేకుండా, కొండ మీంచి నీలొచ్చి పడతాయంటే మనకెలగ తెలుత్తాది. ఆల్లకి మాత్రం తెలుసు. ఆ ముసిలామె ఎప్పుడూ అనీదంట. పైన సెరువు ఏటేటా పెద్దదవతన్నాది బాబూ, దాని గట్టు తెగితే మోగీ సైరన్ కూసిందంటే గుడ్డలూ డబ్బులూ సూడొద్దు, కొండెక్కీయండి, ఇంట్లోకి మాత్రం దూరకండి అని. టీ తాగినప్పుడల్లా అదే సెప్తాదే అనీవోడు నాతో…”

“ఆగత్తా.”

“ఏటి?”

“మేస్త్రీ మావకి తెలుసా ఆ సంగతి?”

“ఏ సంగతి?”

“సైరన్ మోగితే కొండెక్కాలని. లోపలికి దూరకూడదని.”

“ఏటో… టీ కాడ ఇన్నాడు గావాల. మర్సిపోయుంటాడు.”

“నీకు ఫోన్లో చెప్పేంత గుర్తుందే.”

“నానేటో వాగీసినాను. మతి ఉండట్నేదు నాకు. ఎల్లమ్మా, మీ మావ మల్లీ ఫోన్ సేత్తాడు.”

“చెయ్యనీ. తెలిసున్నవాడు, ఊరంతా అంటున్నట్టు, పిల్లల్ని గదిలో పెట్టి గడియ ఎందుకు వేశాడు?”

“యుగంధర్ సూసినాడు కదా. ఆ వాగు గెడ్డకి అవతల, గట్టు మీద కొట్టుకాడ ఉన్నాడు కాబట్టి బతికినాడు. ఊరందరి ముందూ సెప్పినాడు. మేస్త్రీ ఆకర్న లోపలికెల్లినాడు, తలుపు మూసుకుపోనాది, అంతలో నీలొచ్చీసినాయి, గది గదీ ఎలిపోనాది అని. ఆడికి అబద్దమాడే పనేటి?”

“యుగంధర్ తలుపు మూసుకోవడం చూశాడు. ఆయన ఎందుకు వెళ్ళాడో చూశాడేటి?”

“ఎందుకేటి? తితిలీకి ఇక్కడేటి సేసినాడు? ఇస్కూలు సిమెంటు సిలాబు గదిలోకి ఊరందర్నీ తోలి, గడియేసి, తలుపుకి ఈపు ఆనించి నిలబడిపోనాడు. బయటికెల్తానన్నోల్లని తిట్టి కూకోబెట్టినాడు. తెల్లారి లేసి సూత్తే పాకలు ఒక్కటీ నేవు, మనుసులందరూ ఉన్నారు. ఆయేల మీ మావే ఈయన్ని దేవుడన్నాడు. మనకి ఆపదొచ్చిందంటే అదే కదా తెలిసింది, సిలాబు కింద దూరి గడియేసుకోడం. అక్కడా అదే సేసినాడు.”

“అంతేనా?”

“అంతే.”

“నా మొహం చూసి చెప్పు.”

“నీ మొకంలో ఏటున్నాది సూడ్డానికి. ఎల్లు తల్లీ. కబురు సెప్పినావు, నానొప్పుకున్నాను. అయిపోనాది కదా.”

“మా నాన్న ఆ తితిలీకే పోయాడు.”

“తెలుసు. జలంత్రకోటలో. ఆ ఊసులెందుకిప్పుడు.”

“ఆవు అరుస్తోందని తలుపు తీసుకుని వెళ్ళాడు. మా అమ్మ గుమ్మంలో చొక్కా పట్టుకుంది. చిరిగిపోయి చేతిలో ఉండిపోయింది. కొబ్బరిచెట్టు పడింది ఆయన మీద. గట్టిగా పట్టుకోవాల్సిందే, గట్టిగా పట్టుకోవాల్సిందే అని ఇప్పటికీ అంటుంది మా అమ్మ. నేను పక్కనే ఉన్నాను. అప్పట్నుంచీ గాలి హోరు వినిపిస్తే చాలు, నేను లేచి ముందు గడియ వేస్తాను.”

“ఎవులికైనా అంతే తల్లీ.”

“శ్రీను నాకు ఫోన్ చేశాడత్తా ఆ రోజు.”

“సేసుంటాడు. కడుపుతో ఉన్నావు కదా, ఎలగున్నావని…”

“సైరన్ మోగుతోందే అన్నాడు.”

“హేమా, ఒద్దు.”

“నేపాలోళ్ళందరూ కొండెక్కేస్తున్నారు, మేస్త్రీ మావ రండ్రా రండ్రా అని అరుస్తున్నాడు, ఆకాశం చూస్తే చుక్క మబ్బు లేదు, నాకేటీ అర్థం కావడం లేదు, ఏం చెయ్యమంటావే అన్నాడు.”

“ఒద్దన్నాను కదా. పిల్ల ఇంటాది.”

“దానికేం తెలుస్తుంది. నన్ను చెప్పనీ అత్తా. ఏడాది నుంచి ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా చెప్పలేదు. ఫోన్లో నాకు హోరు వినిపించింది. గాలే అనుకున్నాను. మనకి హోరంటే గాలే కదా. బయట అడుగు పెట్టావంటే నా మీద ఒట్టు, కడుపులో బిడ్డ మీద ఒట్టు అన్నాను. మా నాన్న ఎలా పోయాడో మర్చిపోయావా అన్నాను. సిలాబు గదే కదా, గడియ వేసుకో, మిగతావాళ్ళనీ కదలనివ్వకు అన్నాను. సరేలే, అరవకు, వేసుకుంటాం అన్నాడు. అత్తా, శ్రీను నా మాట ఎప్పుడూ వినేవాడు కాదు. నేపాల్ వద్దంటే వినలేదు. బండి నెమ్మదిగా నడపమంటే వినలేదు. ఆ ఒక్క మాటే విన్నాడు.”

“ఏడవకు. పిల్ల బెదిరిపోతన్నాది. ఇలగియ్యి దాన్ని. కొంగు అడ్డమెట్టి ఎత్తుకుంటాలే. … ఓలమ్మ, ఓలమ్మ, ఊరుకో. మీ అమ్మ ఏడవట్నేదు, నవ్వుతన్నాది సూడు.”

“నువ్వు తిట్టవేటి నన్ను?”

“ఏటని తిట్టను.”

“ఇంత చెప్తే ఒక్క మాట అన్లేదు నువ్వు. అయ్యో అనైనా అన్లేదు. … నీకు తెలుసు.”

“నాకేటి తెలుసు.”

“తెలుసు నీకు. ఫోన్ చేశాడా అంటే కుడితంటావు, బువ్వంటావు. మేస్త్రీ మావ నీకు చెప్పాడు కదా?”

“… సెప్పినాడు.”

“ఎక్కణ్ణుంచి?”

“కొండ మీంచి. రొప్పుతన్నాడు. నేపాలోల్లతో కలిసి ఎక్కీసినాను బొడ్డీ, మనోల్లు ఒక్కడూ రానేదు, శ్రీను పెల్లాం ఫోన్లో ఒద్దన్నాదంట, గడియేసుకుని కూకున్నారు, నాను ఎక్కకముందు తలుపు కాడ పిలిత్తే లోపల్నుంచి నవ్వినారు అన్నాడు.”

“అయితే ఆ రోజు నుంచీ నీకు తెలుసు.”

“తెలుసు.”

“మరి ఊరంతా ఆయన్ని పిల్లల్ని చంపినోడు అంటూంటే నోరు తెరవలేదేటత్తా? మా అత్తగారు నీ గుమ్మంలో దుమ్మెత్తి పోస్తుంటే కూడా ఊరుకున్నావు. నేను అక్కడే ఉన్నాను, ఆవిడ పక్కనే.”

“నువ్వు అప్పుడు కడుపుతో ఉన్నావు. మొగుడు పోయి నెల తిరగనేదు. నీ మొగుడ్ని నువ్వే లోపలుంచినావని ఊరి ముందు నానంటే నువ్వు బతుకుదువేటి? ఏ నూతిలోనో దూకుదువు. రెండు పేనాలు పోవును.”

“అది అప్పుడు. పిల్ల పుట్టాక?”

“పుట్టినాక… ఇంకెందుకులే అనుకున్నాను.”

“నువ్వు రోజూ బస్సుకి తల దించుకుని వెళ్తుంటే నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఇందాక తెలీనట్టు అడిగాను, రోజూ పలాస వెళ్తున్నావా అని. ఎంత సిగ్గు లేదో చూడు నాకు. ఈ రోజు చెప్పేద్దాం, ఈ రోజు చెప్పేద్దాం అనుకునేదాన్ని. మళ్ళీ అన్నం తినేసి పిల్ల పక్కన పడుకునేదాన్ని. నిన్న మందిరం దగ్గర నిన్ను రావొద్దనాలని అనుకుంటుంటే కూడా నోరు రాలేదు. నేను వెళ్ళి చెప్తాను అన్నాను. నీకు చెప్తేనైనా సగం బరువు దిగుతుందని.”

“తెలుసు. కిటికీ రెక్క కదిలీది.”

“చూసేదానివా?”

“సూసీదాన్ని. పాపం ఈ గుంటకి నిద్దర పట్టట్నేదు గావాలనుకునీదాన్ని.”

“ఇంక చాలత్తా. నేను వెళ్ళి మా మావగారికి చెప్తాను. ఇప్పుడే. అందరి ముందూ చెప్తాను. రేపు నువ్వు అందరికంటే ముందు ఆటో ఎక్కాలి. మేస్త్రీ మావకే ముందు నీళ్ళొదలాలి.”

“కూకో.”

“నన్ను ఇంట్లోంచి గెంటేస్తే గెంటేయనీ. పిల్లనెత్తుకుని మా అమ్మ దగ్గరికి పోతాను.”

“కూకోమన్నాను. నువ్వు సెప్తావు, బానే ఉంటాది. కొండ మీద బతికున్నోడు కుర్రోల్ల కోసం దిగి సచ్చిపోనాడంటావు. అప్పుడు అందరూ నా ఇంటికొత్తారు. మల్లీ దేవుడంటారు ఆయన్ని. నా కాల్లు మొక్కుతారు గావాల.”

“మొక్కాలి. ముందు నేనే మొక్కుతాను.”

“అదే ఒద్దంటన్నాను.”

“ఎందుకత్తా? నేను చేసింది నేను మొయ్యాలి. నువ్వేం చేశావు? మావ తనంతట తను దిగాడు. నీదేం తప్పుంది ఇందులో?”

“తనంతట తాను దిగనేదే. దిగడానికి బయపడినాడు. గెడ్డ కింద నుంచి అదిరిపోతన్నాది బొడ్డీ, ఇప్పుడు దిగితే మరెక్కలేను, దిగమంటావా ఒద్దంటావా అని నన్నే అడిగినాడు. తీసుకెల్లినోడివి నువ్వు, ఏడుగుర్నీ ఒగ్గీసి ఒక్కడివే ఊర్లోకొత్తే నాను ఏ మొకం ఎట్టుకుని తిరగాల అన్నాను. ఫోన్ ఎట్టీసి దిగీసినాడు. నీ మొగుడ్ని నువ్వు లోపలుండమన్నావు. నా మొగుడ్ని లోపలికెల్లమన్నది నానే తల్లీ.”